పట్టా చేతికొచ్చిన తరువాత

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, ఉపాధి కార్యాలయంలో పనిచేసి రిటైరైన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పయ్యేళ్ళు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో గుమాస్తాగా పనిచేసి, 2014లో రిటైరైన మనిషిని. కౌంటరుకి ఇవతల కూర్చుని కార్డులు వ్రాసిచ్చాను, రెన్యూవలు ముద్రలు వేశాను. కార్యదర్శిగారు ఫోను చేసి, "చదువు అయిపోయిన పిల్లలకి ఉద్యోగాలు ఎక్కడ వెతుక్కోవాలో నాలుగు మాటలు చెప్పండి భాయ్" అన్నారు. ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. ముందు అది చెప్పుకుంటేగాని మిగతా మాటలు నా నోటివెంట రావు.

మా వీధిలో పరుపులు కుట్టుకుని బతికే దూదేకుల కుటుంబం ఒకటి ఉంది. ఆ ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివినవాడు పెద్దకొడుకు. బి.కామ్ ఫస్టు క్లాసు. 2015 చివర్లో రైల్వే ఉద్యోగాల ప్రకటన పడింది. ఒకరోజు నమాజు అయి బయటికొస్తుంటే ఆ కుర్రవాడు నా పక్కనే నడుస్తూ, "మామయ్యా, రైల్వేకి అప్లికేషను పెడుతున్నాను, ఏమైనా జాగ్రత్తలు చెబుతారా?" అని అడిగాడు. నేను చెప్పులు వేసుకునే తొందరలో ఉన్నాను. "బాగా చదువు నాయనా, అల్లా దయవల్ల వస్తుంది" అని భుజం తట్టి ఇంటికి వెళ్ళిపోయాను.

అతను బాగానే చదివాడు. 2016లో పరీక్ష వ్రాశాడు. ఫలితాలు వచ్చాక చూస్తే, అతని మార్కులు ఓబీసీ వాళ్ళకి పెట్టిన గీటుకన్నా పైన, జనరల్ వాళ్ళకి పెట్టిన గీటుకన్నా కింద ఉన్నాయి. అప్లికేషనులో జనరల్ అని పెట్టి ఉన్నాడు. "మాది బీసీ-బి అని సర్టిఫికెట్టు ఉంది కదా, అది స్కాలర్‌షిప్పుకనుకున్నాను మామయ్యా. కేంద్రం ఉద్యోగానికి ఓబీసీ అని వేరే నమూనాలో తీసుకోవాలని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. ఆ తరువాత తలవంచుకుని, "మీకు తెలుసుగా" అన్నాడు.

నాకు తెలుసు. ముప్పయ్యేళ్ళు నా బల్లమీద నలిగిన కాగితాలు అవే. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషా వారు రాష్ట్రం జాబితాలో బీసీ-బి అనీ, కేంద్రం జాబితాలో ఓబీసీ అనీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మసీదు మెట్లమీద ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆ తరహా రైల్వే పోస్టులకి మళ్ళీ ప్రకటన 2019లో గాని రాలేదు. ఆ పరీక్ష 2020 డిసెంబరులో గాని మొదలుకాలేదు. ఈలోగా వాళ్ళ నాన్నకి జబ్బు చేసింది, కుర్రవాడు విజయవాడలో ఒక కొట్టులో లెక్కలు వ్రాసే పనిలో చేరిపోయాడు.

మన పిల్లలు ఉద్యోగాల్లోకి ఎందుకు రావడం లేదని సభల్లో తరచూ మాట్లాడుకుంటాం. చదువు లేదంటాం, సిఫారసు లేదంటాం, మనకెవరిస్తారంటాం. వీటిలో నిజం ఎంతో నేను తేల్చలేను. కాని నేను కళ్ళారా చూసిన సంగతి వేరొకటి. మేనమామో బాబాయో ఆఫీసులో పనిచేస్తున్న ఇంట్లో పిల్లవాడికి ఈ సంగతులన్నీ అన్నం తింటూ తెలిసిపోతాయి. మొదటిసారి డిగ్రీ చదివిన ఇంట్లో చెప్పేవాడుండడు. చెప్పగలిగినవాడు పక్కింట్లో ఉన్నా, నాలాగా చెప్పులు వేసుకునే తొందరలో ఉంటాడు. అందుకని ఈరోజు ఆ కుర్రవాడికి చెప్పవలసిన మాటలన్నీ మీకు చెబుతాను.

మొట్టమొదట కాగితాలు. ఉద్యోగం వెతకబోయే ముందు మీ పేరు వెతుక్కోండి. నవ్వకండి. మన పేర్లతో వచ్చినన్ని చిక్కులు ఇంకెవరి పేర్లతోనూ రావు. టెన్త్ సర్టిఫికెట్టులో "షేక్ మహబూబ్ బాషా", ఆధారులో "మహబూబ్ బాషా ఎస్.కె.", డిగ్రీలో "ఎస్. ఎం. బాషా" అని ఉంటుంది. ఆడపిల్లలకైతే ఒకచోట "బేగం", ఒకచోట "బీ", పెళ్ళయితే మరొక ఇంటిపేరు. మొహమ్మద్ అన్న పేరుకి ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులున్నాయో మీకు తెలుసు. సర్టిఫికెట్లు సరిచూసే రోజున ఇవన్నీ బల్లమీద పక్కపక్కన పెడతారు. ఆరోజు కంగారుపడి లాభం లేదు. టెన్త్ సర్టిఫికెట్టులో ఉన్న పేరూ, పుట్టినతేదీ ప్రమాణం అనుకుని, మిగతావన్నీ దానికి తగ్గట్టుగా ఇప్పుడే సరిచేయించుకోండి. అన్నిటికీ స్కాను తీసి డిజిలాకర్లో, ఇంకా మరొకచోట దాచుకోండి. ఒరిజినల్సు ఇంటి బీరువా దాటి ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

రెండోది కుల ధ్రువపత్రం. ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. మనలో అందరూ ఒకే జాబితాలో లేరు. దూదేకుల వారి సంగతి చెప్పాను. షేక్, ఖురేషీ, లబ్బి, ఫకీరు, అత్తరు సాయిబులు మొదలైన 14 వర్గాలు 2007లో వచ్చిన చట్టం ప్రకారం రాష్ట్రంలో బీసీ-ఇ, నాలుగు శాతం. ఆ చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దాని మీదే అమలు కొనసాగుతూ వచ్చింది. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వారు అందులో లేరు.

రాష్ట్రం జాబితాలో పేరున్నంత మాత్రాన కేంద్రం జాబితాలో ఉన్నట్టు కాదు. రైల్వే, బ్యాంకు, స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ ఉద్యోగాలకి కేంద్రం జాబితాయే చూస్తారు. అందులో పేరున్నవాళ్ళు కేంద్రం నమూనాలో, క్రీమీలేయరు కాదని వ్రాసిన ఓబీసీ పత్రం తీసుకోవాలి. పేరులేని కుటుంబాలకి మరొక దారుంది. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో ఆర్థికంగా వెనుకబడినవారికి, అంటే ఈడబ్ల్యూఎస్ వారికి, పది శాతం వచ్చింది. కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఉండాలి, పొలం అయిదెకరాలకి తక్కువ ఉండాలి, ఇంటికీ స్థలానికీ కూడా హద్దులున్నాయి. మనవాళ్ళు చాలామంది ఇది మనది కాదనుకుని వదిలేస్తున్నారు. అర్హత ఉంటే అడగండి.

ఒక్క జాగ్రత్త. ఈడబ్ల్యూఎస్ పత్రం ఒక ఆర్థిక సంవత్సరానికి మాత్రమే చెల్లుతుంది. నిరుటి పత్రం చూపిస్తే ఒప్పుకోరు. ప్రకటనలో ఏ తేదీ నాటికి ఉండాలన్నారో ఆ తేదీ లోపల మీ సేవా కేంద్రంలో గాని, సచివాలయంలో గాని తీసుకోవాలి. ఇంకొకటి. కేంద్ర ఉద్యోగాల్లో ఓబీసీకి వయసులో మూడేళ్ళ సడలింపు ఉంటుంది, ఈడబ్ల్యూఎస్‌కి ఉండదు.

ఇక ఉద్యోగాలు ఎక్కడ ప్రకటిస్తారు? మా కాలంలో అంతా ఎక్స్ఛేంజీయే. ఖాళీలు మాకు తెలియజేయాలని 1959లోనే చట్టం వచ్చింది. కార్డు సీనియారిటీ ప్రకారం మేము పేర్లు పంపేవాళ్ళం. మూడేళ్ళకొకసారి రెన్యూవలు మరిచిపోయి, సీనియారిటీ పోగొట్టుకుని కౌంటరు ముందు కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళను చూశాను. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల కేసులోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎక్స్ఛేంజీ పంపిన పేర్లతో సరిపెట్టకూడదు, పత్రికల్లో కూడా ప్రకటించి, దరఖాస్తు పెట్టినవాళ్ళందరినీ చూడాలని చెప్పింది. తరువాత 2015లో కేంద్ర ప్రభుత్వం నేషనల్ కెరీర్ సర్వీస్ అని ఇంటర్నెట్టులో పెట్టింది. నమోదుకి రూపాయి ఖర్చులేదు. ప్రైవేటు కంపెనీల ఖాళీలూ, జాబ్ మేళాల తేదీలూ అందులో ఉంటాయి. ఎక్స్ఛేంజీలో పేరు వ్రాయించుకోండి, పోయేదేమీ లేదు. కాని పేరు వ్రాయించుకుని పిలుపు కోసం కూర్చునే రోజులు మాత్రం పోయాయి.

కేంద్ర ప్రభుత్వమే 1976 నుంచి ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ అనే వారపత్రిక తెస్తూ వచ్చింది. ఇంగ్లీషులోనే కాదు, రోజ్‌గార్ సమాచార్ పేరుతో హిందీలోనూ, ఉర్దూలోనూ వచ్చింది. ఫోనులో ఎవరో పంపిన ప్రకటన నిజమో కాదో తెలియకపోతే అటువంటి పత్రికలోనూ, ఆ శాఖవారి సొంత వెబ్‌సైటులోనూ సరిచూసుకోండి. రెంటిలోనూ లేదంటే దాన్ని అక్కడితో వదిలేయండి.

రాష్ట్ర ఉద్యోగాలకైతే ఆంధ్రలో ఏపీపీఎస్సీ, తెలంగాణలో 2024లో పేరు మారి టీజీపీఎస్సీ అయిన కమిషను. రెంటిలోనూ ఒకసారి పేరు నమోదు చేసుకుంటే ఒక నంబరు ఇస్తారు. ఇకపై ఏ ప్రకటనకైనా ఆ నంబరుతోనే దరఖాస్తు. ఈ నమోదు ప్రకటన పడ్డాక చేయవద్దు, ఈ వారంలోనే చేసుకోండి. చివరిరోజు రాత్రి నెట్ సెంటరు ముందు నిలబడి, తొందరలో పుట్టినతేదీ తప్పు కొట్టించుకున్న కథలు నాకు చాలా తెలుసు.

కేంద్రానికి సంబంధించి ముఖ్యమైనవి మూడు. స్టాఫ్ సెలెక్షన్ కమిషను, బ్యాంకుల నియామకాలు చూసే ఐబీపీఎస్, సికిందరాబాదులో ఉన్న రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు. "మనకి ఇంగ్లీషు రాదు" అన్న భయం ఒకటుంది. బ్యాంకు క్లర్కు పరీక్ష తెలుగు, ఉర్దూలతో సహా 13 ప్రాంతీయ భాషల్లో పెట్టాలని 2021లో నిర్ణయించారు. స్టాఫ్ సెలెక్షన్ వారు మల్టీ టాస్కింగ్ స్టాఫు, ఇంటర్ స్థాయి పరీక్షలను అదేవిధంగా 13 ప్రాంతీయ భాషల్లో పెట్టేందుకు 2023లో ఒప్పుకున్నారు. రైల్వే పరీక్షల్లోనూ తెలుగు, ఉర్దూ ఉన్నాయి. బ్యాంకు పరీక్షలో ఇంగ్లీషు మీద వేరే పేపరు ఉంటుంది, అది చదవక తప్పదు. కాని లెక్కలూ, తర్కమూ మనకొచ్చిన భాషలో వ్రాయవచ్చు.

ఫీజు సంగతి. స్టాఫ్ సెలెక్షన్‌లో, సివిల్ సర్వీసులో ఆడపిల్లలకు ఫీజు లేదు. రైల్వేలో మామూలుగా 500 రూపాయలైతే, మైనారిటీలకు 250. పరీక్షకి హాజరైతే ఆ 250 కూడా బ్యాంకు ఖర్చులు పట్టుకుని తిరిగి ఇచ్చేస్తారు. ఇది ప్రకటనలోనే వ్రాసి ఉంటుంది. మనవాళ్ళు 500 కట్టి ఊరుకుంటున్నారు. ప్రకటన మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడమే సగం ఉద్యోగం.

చదువుకోవడానికి చోటు లేదంటారు. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటే చదువు సాగదు, నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను. జిల్లా కేంద్ర గ్రంథాలయాలు ఎందుకున్నాయి? హైదరాబాదు చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఒకసారి వెళ్ళి చూడండి. ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు సద్దిడబ్బా పెట్టుకుని పొద్దస్తమానం అక్కడే చదువుతుంటారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన టీ-శాట్ ఛానళ్ళలో పోటీ పరీక్షల పాఠాలు ఉచితంగా చెప్పారు. సివిల్స్ మీద గట్టి పట్టుదల ఉన్నవాళ్ళు ఢిల్లీ జామియా మిలియాలోని రెసిడెన్షియల్ కోచింగ్ అకాడమీ ప్రవేశపరీక్ష వ్రాయండి. అక్కడ మైనారిటీలకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు కోచింగు ఇస్తారు. 2021 సివిల్స్‌లో దేశానికి మొదటి ర్యాంకు వచ్చిన శృతి శర్మ ఆ అకాడమీలో చదివిన అమ్మాయే.

అందరికీ ప్రభుత్వ ఉద్యోగాలు రావు. ఇది పెద్దలు ముందు ఒప్పుకోవాలి. నాలుగేళ్ళు ఒకే పరీక్ష పట్టుకుని కూర్చుంటే చదివిన చదువు మీద దుమ్ము పేరుకుంటుంది. చదువుతూనే పని నేర్చుకునే దారి ఒకటుంది, దాన్ని అప్రెంటిస్‌షిప్పు అంటారు. 1961లో చట్టం వస్తే, 1973లో ఇంజనీరింగు పట్టభద్రులను అందులో చేర్చారు. 2014 సవరణతో బి.ఏ., బి.కామ్ వాళ్ళకు కూడా తలుపు తెరిచారు. ఏడాదిపాటు కంపెనీలోనో, ప్రభుత్వ సంస్థలోనో పని నేర్పి నెలనెలా స్టైపెండు ఇస్తారు. 2019 నిబంధనల్లో డిగ్రీవాళ్ళకు కనీసం తొమ్మిది వేలని పెట్టారు. మన దక్షిణాది రాష్ట్రాలకి దీని బోర్డు చెన్నైలో ఉంది, దరఖాస్తు మాత్రం ఇంటినుంచే పెట్టవచ్చు. ఏడాది ముగిశాక ఇచ్చే సర్టిఫికెట్టు, "అనుభవం ఉందా?" అని అడిగేవాడికి మీ జవాబు.

బి.కామ్ పిల్లలు ఊళ్ళో ఉన్న ఆడిటరుగారి దగ్గర ఆరునెలలు కూర్చుని జీఎస్టీ రిటర్నులూ, ట్యాలీ నేర్చుకోండి. జీతం తక్కువని సిగ్గుపడొద్దు. మీకంటే రెండేళ్ళ ముందు అదే కాలేజీలో చదివి ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి ఫోను చేయండి. "ఉద్యోగం ఇప్పించన్నా" అంటే అతను ఇబ్బంది పడతాడు. "నువ్వెలా చేరావు, ఏం అడిగారు, నా బయోడేటా ఒకసారి చూస్తావా?" అంటే అరగంట మాట్లాడతాడు. అడగడం తప్పు కాదు. అడిగినవాడికి చెప్పకపోవడమే తప్పు.

తల్లులకు ఒక్క మాట. మన ఆడపిల్లలు మార్కుల్లో మగపిల్లలకు ఏమీ తీసిపోరు. అప్లికేషను పెడతారు, ఫీజు కడతారు, హాల్ టికెట్టు వస్తుంది. సెంటరు వేరే ఊళ్ళో పడిందని ఇంట్లో ఆపేస్తారు. సంఘం తరఫున నలుగురైదుగురు అమ్మాయిలు కలిసి వెళ్ళేలా, వెంట ఒక ఆపా ఉండేలా ఏర్పాటు చేయడం కష్టమేమీ కాదు. ఆ ఒక్క ప్రయాణం ఆపకండి.

గల్ఫు సంగతి చెప్పకుండా ముగించలేను. వెళ్ళడం తప్పనను. మన ఎన్నో ఇళ్ళు ఆ డబ్బుతోనే నిలబడ్డాయి. కాని 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఏజెంటుకి రిజిస్ట్రేషను ఉండాలి. అది ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అతను తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ. లక్షన్నర, రెండు లక్షలు అడిగేవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తానన్నవాడి మాట నమ్మకండి. ప్రభుత్వ ఉద్యోగం ఇప్పిస్తానని ఇక్కడ డబ్బడిగేవాడూ అంతే. తల్లి మెడలో గొలుసు అమ్మి కట్టినవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. పేర్లు వద్దు.

చివరగా, సంఘానికి నా విన్నపం. షాదీ ముబారక్‌కి సాయం చేస్తున్నాం, పుస్తకాలిస్తున్నాం, సంతోషం. దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. ఆదివారం ఆదివారం రెండు గంటలు మన ఆఫీసు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక రిజిస్టరు పెట్టండి. వారంలో పడ్డ ప్రకటనలు గోడకి అంటించండి. చివరితేదీ ఎర్రసిరాతో పెద్దగా వ్రాయండి. ఎవరి పిల్లలు డిగ్రీ పూర్తిచేశారో, వాళ్ళ సర్టిఫికెట్లు ఏ స్థితిలో ఉన్నాయో రిజిస్టరులో వ్రాయండి. ఉద్యోగాల్లో ఉన్న మన సభ్యులు నెలకొక ఆదివారం వచ్చి కూర్చోండి. బ్యాంకులో ఉన్నాయన బ్యాంకు పరీక్ష గురించి, టీచరుగా ఉన్నావిడ డీఎస్సీ గురించి చెబితే చాలు.

ఈ మాట కార్యదర్శిగారితో అన్నప్పుడు, "మొదట కూర్చునేదెవరు?" అన్నారు. నేను కూర్చుంటానన్నాను. రెండో కుర్చీకి కూడా మనిషి దొరికాడు. నేను చెప్పిన ఆ కుర్రవాడే. వాళ్ళ చెల్లెలు డిగ్రీ పూర్తిచేస్తే, ఓబీసీ పత్రం దగ్గరనుంచి ప్రతి కాగితమూ తనే దగ్గరుండి చేయించాడు. బల్ల సంగతి చెబితే ఒక్క క్షణం ఊరుకుని, "ఆదివారం కొట్టుకి సెలవే మామయ్యా, వస్తాను" అన్నాడు. నన్ను క్షమించాడో లేదో నేను అడగలేదు. వస్తానన్నాడు, నాకది చాలు.

పిల్లలూ, రిజక్ ఇచ్చేవాడు అల్లాహ్. వెతుక్కుంటూ నడవవలసింది మనం. దారి తెలిసినవాడు తెలియనివాడికి చెప్పడం పెద్దల బాధ్యత. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని రండి. ఇన్‌షా అల్లాహ్, మేమిద్దరం అక్కడే ఉంటాం.